చట్టప్రకారం బతికున్న మా ఆయన

నేను ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం చదువు రాకపోవడం అని అందరూ అనుకుంటారు. ప్రభుత్వ రికార్డు ప్రకారం అది తప్పు. నాకు చదువు ఎప్పుడో వచ్చేసింది. పెళ్లయి దివిసీమలో సముద్రం పక్కనున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో, పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే పథకం ఒకటి వచ్చింది. తుఫాను షెల్టర్లో పలకలు పంచారు. రెండు సాయంత్రాలు పాఠం జరిగింది. మూడో రోజు వలలకు రొయ్య బాగా పడడంతో ఆడవాళ్లందరం ఒలవడానికి వెళ్లాం. ఆ తర్వాత పంతులు కూడా రాలేదు. కొన్ని నెలల తర్వాత ఒకాయన పెద్ద రిజిస్టరు పట్టుకుని వచ్చి, మాకందరికీ చదవడం రాయడం వచ్చినట్టు మా చేత వేలిముద్రలు వేయించుకుని వెళ్లాడు.

చదువు వచ్చిందని వేలిముద్ర వేసి ఒప్పుకున్నదాన్ని నేను.

చాలా ఏళ్లకు అలాంటి పథకమే ఇంకొకటి వచ్చింది. ఈసారి నిజంగా నేర్చుకుందామని వెళ్తే, పేర్లు రాసుకునే అమ్మాయి నా పేరు వెతికి, "మీరు అక్షరాస్యులండీ. వచ్చినవాళ్లకి మళ్లీ నేర్పకూడదంట," అంది. ఆ ముక్క నిజమో కాదో చూపించమంటే రిజిస్టరు నా వైపు తిప్పింది. నాకు చదవడం వస్తే కదా.

చిన్నప్పటి సంగతి చెప్పక్కర్లేదు. మా నాన్న నందివాడ వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. రెండేళ్లకో చెరువు మారేవాడు. చెరువు మారితే బడి మారాలి. కొత్త బడికి పాత బడి నుంచి కాగితం తేవాలి. చదువుకోవడానికి ముందు చదువుకున్నవాళ్లు రాసిన కాగితం కావాలన్నమాట. మా అన్న ఎలాగో తెచ్చుకున్నాడు. నా కాగితం కోసం ఎవరూ వెళ్లలేదు.

చట్టం అంటే కోర్టు, నల్లకోటు అనుకునేవాళ్లు అదృష్టవంతులు. మా ఊళ్లో మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒక చట్టం మీద కాలు వేయకుండా నడవలేడు. వేసవిలో రెండు నెలలు వేటకు వెళ్లకూడదని సర్కారు చట్టం. చేపలకు పిల్లల్ని కనే హక్కు ఉందట, మంచిదే. ఒడ్డుకు దగ్గరగా గోడ కట్టకూడదని ఒక చట్టం, మడ చెట్టు కొమ్మ విరవకూడదని ఒక చట్టం. బస్సులో చేపల గంప ఎక్కించకూడదని కండక్టరు చట్టం. ఆదివారం ఆయనకు రెండు చందువలు కావాల్సి వస్తే ఆ రూలు ఆ పూటకు రద్దవుతుంది. గుడివాడ మార్కెట్లో గంప దించితే ఆశీలు కట్టాలి. దించకుండా నెత్తిన పెట్టుకుని నిలబడినా ఆశీలే, ఎందుకంటే నా నీడ మార్కెట్లో పడింది.

వీటన్నిటి మీదా మా ఊరి కట్టుబాటు. అది ఎక్కడా రాసి లేదు. ఊరి పెద్ద నోట్లో ఉంటుంది. ఆయన్ని ఎవరైనా గట్టిగా అడిగితే, "బందరుకి తెల్లోళ్ల ఓడలొచ్చిన కాలం నుంచీ ఉంది," అంటాడు. మొన్న తీర్మానం చేసిన దానిక్కూడా ఆ ఓడలే సాక్ష్యం. మగాళ్లు తాగి కొట్టుకుంటే ఒక తప్పు, వల కోస్తే ఒక తప్పు. ఆడది సభలో గొంతు పెంచితే దానికి వేరే తప్పు. తప్పు అంటే మా దగ్గర జరిమానా. చేసినదాన్నీ తప్పే అంటారు, కట్టినదాన్నీ తప్పే అంటారు.

ఆ కట్టుబాట్లలో ఒకటి ఈ కథకు ముఖ్యం. సముద్రంలో పోయిన మనిషికి నిప్పు పెట్టేదాకా ఊరి పడవ ఏదీ నీళ్లలో దిగకూడదు.

మా ఆయన ముగ్గురిలో ఒకడిగా ఫైబర్ బోటు మీద వెళ్లాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల బోటును తిరగేసింది. ఇద్దరు ఈదుకుంటూ పాలకాయతిప్ప వైపు తేలారు. మూడో మనిషి తేలలేదు. వారం పాటు ఒడ్డు వెంబడి నడిచాం. మా అత్త అయితే చేత్తో ఆయన పొడి చొక్కా ఒకటి పట్టుకుని తిరిగింది, దొరికితే చలి వేస్తుందని.

నేను ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. అంతకంటే ఎక్కువ అక్షరాలు నా దగ్గర లేవు.

పడవలన్నీ ఇసుక మీద పడుకుని ఉన్నాయి. అది వేట బాగా ఉండే కాలం. పక్క ఊరి వాళ్లు నింపుకుని వెళ్తుంటే మావాళ్లు చూస్తూ కూర్చున్నారు. మొదటి మూడు రోజులు ఏడ్చారు. నాలుగో రోజు నుంచి గాలి ఎటు ఉందో మాట్లాడుకున్నారు. తొమ్మిదో రోజు ఊరి పెద్ద మా గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, ఇంక సముద్రం ఇవ్వదు. బొమ్మ కట్టేద్దాం," అన్నాడు.

వరిగడ్డి తెచ్చి మనిషి ఆకారంలో కట్టారు. దానికి మా ఆయన గళ్ల చొక్కా, లుంగీ తొడిగారు. అత్త చూసి, "మావోడు ఇంత లావెక్కడున్నాడు? గడ్డి తియ్యండి," అంది. తీశారు. ఇంకో పద్ధతి ఉంది. ముడి వేసిన క్షణం నుంచి దాన్ని బొమ్మ అనకూడదు, గడ్డి అనకూడదు. శవం అనే అనాలి. నోరు జారి ఎవరైనా బొమ్మ అంటే పెట్టిన నిప్పు చెల్లదు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, నిప్పు పెట్టాడు. నా గాజులు తీశారు. మర్నాడు తెల్లారకముందే పడవలు నీళ్లలో దిగాయి. ఆ వేట బాగా పడింది కూడా. అందరూ అది మా ఆయన చలవే అన్నారు.

నాలుగు రోజుల తర్వాత బోటు గల్లంతు గురించి ఒక ఉద్యోగి, ఒక కానిస్టేబులు వచ్చారు. మంచివాళ్లే, చెప్పులు విప్పి షెల్టరు వరండాలో కూర్చున్నారు. ఉద్యోగి కాగితం తీసి ఊరి పెద్దను అడిగాడు.

"మనిషి దొరికాడాండీ?"

"దహనం కూడా అయిపోయిందండీ. పద్ధతిగా చేశాం."

"అంటే శవం దొరికిందన్నమాట."

ఇక్కడ ఊరి పెద్ద ఇరుక్కున్నాడు. గడ్డి అని చెప్తే పెట్టిన నిప్పు చెల్లదు. నిప్పు చెల్లకపోతే పడవలు మళ్లీ ఇసుక మీదికి రావాలి. సముద్రంలోకి చూశాడు. అప్పటికి పన్నెండు పడవలు లోపలున్నాయి.

"దొరక్కపోతే దేన్ని తగలెడతామండీ? శవాన్ని దక్షిణం తల పెట్టి, అన్నగారి చేత నిప్పు పెట్టించాం," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఉద్యోగి రాసుకున్నాడు. ఊరి పెద్ద సంతకం చేశాడు. బావగారు, నేను, ఇంకో నలుగురు వేలిముద్ర వేశాం. నాకు ఆ కాగితంలో ఏముందో తెలియదు. తెలిసినా ఆ రోజు వేలు పెట్టేదాన్నే. ఊరంతా పెట్టింది కదా.

తర్వాత ఎస్సైగారు వచ్చారు. ఆయన చెప్పులు విప్పలేదు.

"పోలీసులకి చెప్పకుండా, పోస్టుమార్టం లేకుండా శవాన్ని ఎలా తగలబెట్టావయ్యా?"

"మా పెద్దల కాలం నుంచీ ఇంతేనండీ."

"మీ పెద్దల కాలంలో నేను లేను. ఎముకలేవి?"

"కలిపేశామండీ."

"ఎక్కడ?"

ఊరి పెద్ద చేత్తో చూపించాడు. ఎస్సైగారు అటు చూశారు. ఎంతసేపు చూసినా అది సముద్రమే. చివరికి తగలబెట్టిన చోటు చూపించమని, అక్కడ మిగిలిన బూడిదను కానిస్టేబులు చేత గుప్పెడు ఎత్తించారు. పెట్టడానికి ఏమీ లేకపోతే ఎవరింట్లోంచో ఖాళీ మిఠాయి డబ్బా తెచ్చారు. దాని మీద రంగురంగుల లడ్డూల బొమ్మ ఉంది. వరిగడ్డి బూడిద ఆ డబ్బాలో, మా ఆయన పేరుతో, స్టేషనుకు వెళ్లింది. ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. ఎలుకలు రాకుండా చూస్తున్నారనే ఆశిస్తున్నాను.

ఇక చావు సర్టిఫికెట్టు. అది లేకపోతే ఏదీ కదలదని అందరూ చెప్పారు. తిరిగాను. ఆఫీసులో గుమస్తా నా కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని అన్నాడు, "చూడమ్మా, బోటు ఓనరు ఇచ్చిన కాగితంలో మీ ఆయన కనపడకుండా పోయాడు. మీ ఊరి కాగితంలో కాలిపోయాడు. ఒక మనిషి రెండు పనులు చేయలేడు. కాలిపోయాడంటే పోస్టుమార్టం రిపోర్టు పట్రా. కనపడలేదంటే ఏడేళ్లు ఆగు."

"ఏడేళ్లు ఎందుకండీ?"

"వస్తాడేమోనని."

"రాడండీ."

"అది నువ్వు చెప్తే కాదు."

నాకు గాజులు తీసి రెండు నెలలు అయింది అప్పటికి. ఊరి దృష్టిలో నేను పదో రోజుకు విధవను. సర్కారు దృష్టిలో ఏడేళ్ల పాటు సువాసినిని. బొట్టు పెట్టుకుంటే ఊరు తప్పు వేస్తుంది. విధవనని చెప్పి ఏదైనా అడిగితే సర్కారు తప్పు పడుతుంది. రేషన్ కార్డులో ఆయన పేరు అలాగే ఉంది, ఆయన వాటా బియ్యం వస్తూనే ఉంది, ఆయన తినకపోయినా. ఎన్నికలొచ్చినప్పుడు ఆయన ఓటు కూడా పడింది. అంత దూరం నుంచి వచ్చి ఓటు వేసి, ఇంటికి రాకుండా వెళ్లిపోయాడని అత్తతో అన్నాను. అత్త నవ్వలేదు. "ఎవరికేశాడో," అంది.

ఇదంతా పంటి బిగువున భరించేదాన్ని. అసలు సంగతి ఇల్లు.

మాకు ఒక్కటే గది, ముందు వరండా. ఒక తుఫాను తర్వాత సర్కారు కట్టించి ఇచ్చిన కాలనీ ఇల్లు. పట్టా మా ఆయన పేరు మీద ఉంది. అందులో నేను, అత్త ఉంటున్నాం. మాకు పిల్లలు లేరు. మూడో ఏడు వచ్చేసరికి బావగారు తన వలలు తెచ్చి మా వరండాలో వేయడం మొదలుపెట్టాడు. ముందు ఒక వల. తర్వాత తాళ్లు. తర్వాత ఇంజను. మేం బయటికి వెళ్లాలంటే ఇంజను మీదుగా కాలు ఎత్తి దాటాలి. ఒకరోజు మా తోటికోడలు వచ్చి గది పొడవు అడుగులతో కొలుచుకుని వెళ్లింది.

ఊరి కట్టుబాటు ప్రకారం మగపిల్లలు లేకుండా పోయినవాడి ఇల్లు అన్నదమ్ములది. "మీ అన్న గుడివాడ అవతల చెరువుల మీదే ఉన్నాడు కదమ్మా. అక్కడికెల్తే నీకు హాయి," అని ఊరి పెద్ద నాతో ప్రేమగానే అన్నాడు. మా అన్నకు ఉన్నది చెరువు గట్టు మీద తాటాకుల పాక. అదీ చెరువు యజమానిది. పైగా సముద్రం చేప అమ్ముకునేదాన్ని చెరువు చేప తింటూ బతకమంటే, మాలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

సర్కారు చట్టం నా పక్షాన ఉంటుందని ఎవరో అంటే గుమస్తాను అడిగాను. "మొగుడు పోతే ఇల్లు పెళ్లానికే వస్తుంది. కానీ మీ ఆయన పోలేదు కదా," అన్నాడు. అంటే ఊరి చట్టం ప్రకారం మా ఆయన చనిపోయాడు కాబట్టి ఇల్లు నాకు లేదు. సర్కారు చట్టం ప్రకారం చనిపోలేదు కాబట్టి ఇల్లు నాకు రాదు. రెండు చట్టాలకూ పడదు గానీ నన్ను బయటికి పంపడంలో మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి.

నేను వారానికి రెండుసార్లు బందరు వెళ్లి వాడుకగా చేపలు ఇచ్చే ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రిటైరైన టీచరమ్మగారిది. క్రైస్తవులు. ఆవిడ భర్త, నేను అయ్యగారు అంటాను, కోర్టులో గుమస్తాగా చేసి దిగిపోయారు. టీచరమ్మగారికి మెత్తళ్లు ఇష్టం, తలలు గిల్లడం అసహ్యం. నేను పెరటి అరుగు మీద కూర్చుని గిల్లి ఇస్తుంటే ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని మాట్లాడేవారు.

"ఇన్ని కాగితాలు పట్టుకు తిరుగుతున్నావు. ఒక్కటైనా చదివావా?"

"చదవడం వస్తే తిరగడమెందుకమ్మగారూ?"

"అదీ నిజమే. రేపట్నుంచి నువ్వు మెత్తళ్లు గిల్లు, నేను అక్షరాలు చెప్తా. ఎవరికీ ఎవరం బాకీ ఉండం."

అలా నా చదువు చేపల పొలుసుల మధ్య మొదలైంది. బొగ్గుతో అరుగు మీద రాసేదాన్ని, నీళ్లు పోసి కడిగేదాన్ని. ఆవిడ బడి అలవాటు మానలేదు, తప్పు రాస్తే కర్ర కోసం చుట్టూ చూసేవారు. కర్ర కనపడక నన్ను చూసేవారు. నాకు నలభై దాటాయని అప్పుడు గుర్తొచ్చేది ఆవిడకి. నా మొదటి వాచకం వాళ్ల కరెంటు బిల్లు. పెద్ద అక్షరాలు ముందు వచ్చాయి, చిన్న అక్షరాలకు ఏడాది పట్టింది. చట్టమంతా చిన్న అక్షరాల్లోనే ఉంటుందని అయ్యగారు అన్నారు.

అయ్యగారు ముందు నా చదువును పట్టించుకోలేదు. పేపరు చదువుకుంటూ ఉండేవారు. ఒకరోజు ఏడేళ్ల సంగతి చెప్తే పేపరు మడిచారు.

"ఆ ఏడేళ్ల లెక్క ఎక్కడిదో తెలుసా అమ్మాయ్? ఇంగ్లీషువాళ్లది. వాళ్ల మగాళ్లు ఓడలెక్కి దేశాలు పట్టుకుపోయేవాళ్లు. కొందరు రారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు ఎన్నాళ్లు చూడాలి? ఏడేళ్లు చూడండన్నారు. ఆ ఓడల్లో కొన్ని మన బందరుకే వచ్చుంటాయి."

"మా ఊరి పెద్ద కూడా ఆ ఓడల పేరే చెప్తాడండీ."

"చెప్తాడు. ఎవరికి కావాల్సింది వాళ్లు దింపుకున్నారు."

నాకు కోపం వచ్చింది. వాళ్ల ఓడవాళ్లు సంవత్సరాల తరబడి తిరిగేవాళ్లు, ఏడేళ్లు చూశారు. మా ఆయన పొద్దున వెళ్లి మధ్యాహ్నం అన్నానికి వచ్చే మనిషి. ఆయనకు ఆ లెక్క ఎలా సరిపోయింది? అయ్యగారిని అడిగితే, చట్టానికి చొక్కా కొలతలు తీసుకునే అలవాటు లేదన్నారు.

ఆయన సలహా మీదే మా ఊరి వాంగ్మూలం నకలుకు అర్జీ పెట్టాను. నాలుగుసార్లు తిరిగితే ఇచ్చారు. దాన్ని బందరు బస్టాండులో బల్ల మీద కూర్చుని, వేలు పెట్టి చదివాను. ఒక పేజీకి గంట పైనే పట్టింది. 'శవమును గుర్తించి' అని ఉంది. 'దహనము చేసితిమి' అని ఉంది. కింద నా వేలిముద్ర. ఇన్నేళ్లూ నేను చెప్తున్నదాన్ని కొట్టేస్తూ తిరిగిన కాగితం మీద నా వేలే ఉంది. గంపలో చేపలు పాడైపోతున్నాయని పక్కనున్నావిడ చెప్పేదాకా నాకు వాసన కూడా తెలియలేదు.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

"ఇది అబద్ధమని రాసిస్తే ఏమవుతుందండీ?"

"మీ ఆయన మళ్లీ కనపడకుండా పోయినవాడవుతాడు. ఏడేళ్లు నిండేదాకా చట్టప్రకారం బతికే ఉంటాడు."

"బతికుంటే ఇల్లు ఎవరిదండీ?"

"అతనిదే."

"ఆయన వచ్చేదాకా ఎవరుండాలి?"

అయ్యగారు నా వైపు తిరిగి కూర్చున్నారు. "పెళ్లాం. తల్లి."

"ఏడేళ్లయ్యాక?"

"అప్పుడు చనిపోయాడంటారు. ఇల్లు నీకూ మీ అత్తకీ చెరి సగం. అన్నకి గుమ్మం కూడా రాదు."

మూడేళ్లుగా నేను ఏ కాగితం కోసం చెప్పులు అరగదీశానో ఆ కాగితాన్నే చూపించి ఊరు నన్ను ఇంట్లోంచి గెంటేది. మా ఆయన చావు కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది నేనే. ఇంటికొచ్చి అత్తకు చెప్తే కాసేపు ఆలోచించి, "సగమైతే వంటిల్లు వైపు నాది," అంది. మాకు వంటిల్లు లేదు. గదిలో ఒక మూల పొయ్యి ఉంది.

నేను ఇల్లు వదలడం లేదన్న బావగారి ఫిర్యాదు మీద ఒక ఆదివారం సాయంత్రం షెల్టర్లో సభ పెట్టారు. ఊరి పెద్ద మధ్యలో కుర్చీలో, మిగతావాళ్లు చాపల మీద. ఆడవాళ్లు గోడ పక్కన. ముందే ఒక కాగితం రాయించి ఉంచారు.

"రామ్మా, వేలు పెట్టు. పొద్దుపోతంది," అన్నాడు ఊరి పెద్ద.

"చదివి పెడతాను మావయ్యా."

"ఏంటీ?"

"చదివి."

వెనక ఎవరో నవ్వారు. "చదవనీండ్రా. చేపలమ్మే ఆవిడ, పులస రేటు రాసుందేమో చూసుకుంటది."

నిలబడి, వేలు పెట్టుకుని, పైకి చదివాను. నా చదువు వేగంగా సాగదు. 'నా భర్త చనిపోయినందున' అన్న ముక్కకే ఒకతను ఆవులించాడు. 'మగ సంతానము లేనందున' దాటేసరికి ఇద్దరు బీడీలు వెలిగించారు. 'నా పూర్తి ఇష్టముతో' అన్న చోట ఆగాను. ఆ ఇష్టం నన్నెవరు ఎప్పుడు అడిగారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను, గుర్తు రాలేదు.

"అయిందా?" అన్నాడు బావగారు.

"అయింది బావగారూ. ఒక్క సందేహం. మావయ్యా, ఆ రోజు మనం తగలబెట్టింది ఏంటి?"

ఊరి పెద్ద కుర్చీలో కదిలాడు. "ఏంటంటావేంటి? శవం."

నేను జాకెట్లోంచి నకలు తీశాను. "శవమే అయితే పోలీసులకి చెప్పకుండా తగలబెట్టడం నేరం అంట. ఇందులో మొదటి సంతకం మీది. తర్వాత వేలిముద్ర బావగారిది. నాది మూడోది, నేనూ వస్తాను జైలుకి. ముగ్గురం కలిసే వెళ్దాం."

ఆ కేసు ఇన్నేళ్లకు నిలబడుతుందా అని నేను ముందే అయ్యగారిని అడిగాను. కేసు సంగతి తెలియదు గానీ భయం నిలబడుతుందన్నారు. ఆయన కోర్టులో చాలా ఏళ్లు చేసిన మనిషి.

చాప మీది ముసలాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు. "శవం కాదనుకో. అప్పుడు?"

"అప్పుడు మా ఆయన చనిపోయినట్టు కాదు. ఏడేళ్లదాకా బతికున్నట్టే. బతికున్నవాడి ఇల్లు అన్నదమ్ములు పంచుకోవాలని మన కట్టుబాటులో ఉందా మావయ్యా?"

"ఆడు బతికుండటమేంటి?" బావగారు లేచాడు. "నా చేత్తో నేనే నిప్పెట్టాను."

"దేనికి పెట్టారు?"

ఆయన ఊరి పెద్ద వైపు చూశాడు. అప్పుడు గోడ పక్క నుంచి మా అత్త లేచింది.

"సెప్పరా. నీ తమ్ముణ్ని తగలెట్టావా, గడ్డిని తగలెట్టావా? కన్నదాన్ని, నాక్కూడా తెలవాలి."

బీడీలు ఆగాయి.

"గడ్డి," అన్నాడు బావగారు నేలకేసి చూస్తూ.

"గట్టిగా సెప్పు. నాకు చెవుడు," అంది అత్త. ఆవిడకు చెవుడు లేదు. గుసగుసలన్నీ మా ఇంట్లో ముందు వినేది ఆవిడే.

"గడ్డే అమ్మా."

అత్త కూర్చుంది. నేను గెలిచానని అనుకున్నాను. ఇంతలో బోటున్న కుర్రాడొకడు మెల్లగా, "మరి గడ్డి అనేశాం కదా, నిప్పు చెల్లనట్టే కదా. రేపు బోట్లు దించొచ్చా?" అన్నాడు. సభ అంతా ఒక్కసారి గొల్లుమంది. నా ఇంటి కోసం రెండు మాటలు ఖర్చు పెట్టని వాళ్లు పడవల కోసం ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. టీలు తెప్పించారు. గ్లాసులు ఖాళీ అయ్యేలోగా ఊరి పెద్ద తేల్చేశాడు. నిప్పు ఒకసారి పెట్టాక ఎవరేమన్నా పెట్టినట్టే, తెల్లోళ్ల ఓడల కాలం నుంచీ అలాగే ఉందట. పూర్వీకుల చట్టం మారడానికి పట్టిన కాలం ఒక టీ.

నా వంతుకు, ఊరి గుట్టు సభలో విప్పినందుకు నెల రోజులు ఒడ్డున చేపల వేలంపాటలో నిలబడకూడదని శిక్ష వేశారు. వేలిముద్ర ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే బావగారు తన ఇంజను, తాళ్లు, వలలు ఒక్కడే మోసుకుపోయాడు. మేం సాయం చేయలేదు. వరండా తుడుచుకున్నాం.

ఆ రాత్రే అర్జీ రాయడానికి కూర్చున్నాను. అయ్యగారు రాసిస్తానన్నారు, నేనే వద్దన్నాను. 'మేము దహనము చేసినది గడ్డి బొమ్మ' అన్నది సులువుగానే రాశాను. 'నేను పెట్టిన చావు సర్టిఫికెట్టు అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను' అన్నదీ వచ్చింది. తర్వాత 'నా భర్త బతికి ఉన్నాడని' రాయాలి. అక్షరాలు కష్టమైనవి కావు. చెయ్యి మాత్రం వెళ్లలేదు. ఆ ముక్క అబద్ధమని నాకు తెలుసు, అత్తకు తెలుసు, ఊరికి తెలుసు. తెలియనిది చట్టానికి ఒక్కదానికే. దాని కోసం రాశాను. అత్త పక్కన కూర్చుని, చదవడం రాకపోయినా, కాగితం మీది ఆ వరుసనే చూస్తూ ఉంది. ఏడేళ్లు నిండడానికి ఇంకా కొంత ఉంది ఇప్పటికీ.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం మొదటి ఆటోలో ఆఫీసుకు వెళ్లాం. సగం ఇల్లు తనది కాబట్టి తానూ వస్తానని అత్త బయలుదేరింది. గుమస్తా అర్జీ రెండుసార్లు చదివాడు.

"ఇన్నాళ్లూ చావు కాగితం ఇమ్మని నా ప్రాణం తీశావు. ఇప్పుడు వద్దంటావా?"

"బతికున్న మనిషికి ఎందుకండీ?"

ఆయన నా మొహంలోకి చూశాడు. అర్జీ ముట్టినట్టు రసీదు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. నేను అక్కడే నిలబడి చదివాను. వెనక లైన్లో వాళ్లు గొణిగారు. మూడో వరుసలో నా పేరు ముందు 'మృతుని భార్య' అని ఉంది. అలవాటున రాసి ఉంటాడు.

"ఇది మార్చాలండీ."

ఆయన విసుక్కుంటూ ఆ మాట మీద గీత కొట్టి, 'భార్య' మాత్రం ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక అత్త అడిగింది, "ఏం కొట్టేశాడే?"

"మృతుడు అన్న మాట అత్తా."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపే తుడుచుకుంది. "పద, ఎండెక్కుతంది," అంది. రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, ఊళ్లో పాటకు వెళ్లకూడదు కాబట్టి, చేపలు కొనడానికి ఆవిణ్ని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కాను.